డబ్బా మీద ఎడమ, లోపల కుడి: ఇంప్లాంట్ రీకాల్ కర్నూలు దాకా ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది?

మోకాలి మార్పిడి ఆపరేషన్‌లో ఒంట్లో అమర్చే కృత్రిమ కీలు, అంటే ఇంప్లాంట్, సర్జన్ చేతికి వచ్చేది చివర్లోనే. ఎముకలు కోసి, కొలతలు చూసి, ట్రయల్ ముక్కలు పెట్టి, కాలు రెండు మూడుసార్లు మడిచి చాపి చూసుకున్నాక, "లెఫ్ట్ ఫీమర్, సైజ్ త్రీ, పీఎస్" అంటాడాయన. ఎడమ తొడ ఎముకకు తొడిగే భాగం, మూడో సైజు, పీఎస్ అనే డిజైన్ అని దానర్థం. పక్కన నిలబడ్డ సిస్టర్ డబ్బా అందుకుని లేబుల్ పైకి చదువుతుంది. సర్జన్ విని, తలూపి, తానూ ఒకసారి చూస్తాడు. అప్పుడు పై అట్ట, దాని లోపలి ఒక పొర, ఇంకో పొర విప్పుతారు. అంతకుముందు ఆ డబ్బాను ఎవరూ విప్పి ఉండరు, విప్పకూడదు కూడా. లోపలిది స్టెరైల్ సరుకు, అంటే క్రిములు లేకుండా శుద్ధి చేసినది, సీలు పోతే పనికిరాదు. ఫ్యాక్టరీలో మూత పడిన దగ్గర్నుంచి కర్నూలు గాయత్రీ ఎస్టేట్స్‌లోని ఏదో ఒక ఆపరేషన్ థియేటర్‌లో మూత తెరిచేదాకా, లోపల ఏముందో చెప్పేది ఆ లేబుల్ ఒక్కటే.

ఆ లేబులే తప్పయితే ఏమవుతుంది? ఫలానా కంపెనీ ఫలానా లాట్ (ఒక విడతలో తయారైన బ్యాచ్) కీళ్లను వెనక్కి తీసుకుంటోందని, అంటే రీకాల్ చేస్తోందని, అప్పుడప్పుడూ వార్తలు వస్తుంటాయి. అది వాట్సాప్‌లో మన దాకా వచ్చేసరికి "మోకాళ్లు వెనక్కి తీసుకుంటున్నారంట, మా అమ్మకు వేసింది తీసేయాల్నా?" అనే భయంగా మారుతుంది. తీసేయాల్సిన పని చాలావరకు ఉండదు. అసలు భయపడాల్సిన సంగతి వేరే ఉంది. ముందు ఈ తప్పు ఎలా పుడుతుందో చూద్దాం.

ఒక్క డబ్బా తప్పయితే లాట్ మొత్తం ఎందుకు?

ప్యాకింగ్ గదిలో కుడి కీళ్ల బ్యాచ్, ఎడమ కీళ్ల బ్యాచ్ ఒకదాని తర్వాత ఒకటి ఒకే బల్ల మీదికి వస్తాయి. మొదటిది అయిపోయాక బల్ల మీద ఒక్క ముక్క గానీ, ప్రింటర్ దగ్గర ఒక్క లేబుల్ గానీ మిగలకుండా ఖాళీ చేసిన తర్వాతే రెండోది మొదలుపెట్టాలి. దీన్ని లైన్ క్లియరెన్స్ అంటారు. మందుల కంపెనీల్లో పనిచేసిన వాళ్లకు ఈ మాట బాగా తెలుసు, ఎందుకంటే మాత్రల స్ట్రిప్పుల్లో తారుమారు కూడా ఇక్కడే జరుగుతుంది. ఈ పని సరిగా జరగకపోతే కుడి కీలు ఎడమ డబ్బాలోకి పోతుంది. అలా పోయిందంటే, ఆ ఎడమ డబ్బాలో ఉండాల్సిన కీలు ఇంకో డబ్బాలో చేరి ఉంటుందని అనుమానించాలి. ఇలాంటి తప్పు తరచూ జంటగానే పుడుతుంది. ఒక ఊరి ఆసుపత్రిలో ఒకటి బయటపడితే, దాని జోడీ ఇంకే దేశంలో ఏ అల్మారాలో ఉందో ఎవరికీ తెలియదు. ఒక్క ఫిర్యాదుకే ఆ లాట్‌లోని డబ్బాలన్నిటినీ వెనక్కి పిలిచేది అందుకే.

కీలు లోహం మీద కూడా సైజు, ఎడమ-కుడి, లాట్ నంబర్ సన్నటి అక్షరాల్లో లేజర్‌తో చెక్కి ఉంటాయి. డబ్బా విప్పాక, కీలును ఎముకకు అతికించే సిమెంట్ కలపకముందు, ఆ చెక్కిన అక్షరాలను లేబుల్‌తో పోల్చి చూస్తే తప్పు అక్కడే పట్టుబడుతుంది. సిమెంట్ కలిపాక వ్యవధి తక్కువ. పది పదిహేను నిమిషాల్లో అది రాయి అయిపోతుంది.

పట్టుబడినా కష్టం తీరదు. మన దగ్గర చిన్న, మధ్యస్థాయి ఆసుపత్రులు కీళ్లను కొని నిల్వ పెట్టుకోవు. ఆపరేషన్ ముందురోజు డిస్ట్రిబ్యూటర్ అన్ని సైజుల సెట్టూ తెచ్చి పెడతాడు, వాడినదానికి బిల్లు వేసి మిగతావి తీసుకుపోతాడు. కర్నూలుకైతే హైదరాబాద్ నుంచి, అనంతపురానికైతే బెంగళూరు నుంచి రావాలి, రెండూ రెండొందల కిలోమీటర్ల పైమాటే. సెట్టులో ఆ సైజు ఎడమ కీలు ఒక్కటే ఉండి, అది కాస్తా కుడిది అయితే, మత్తులో ఉన్న మనిషిని బల్ల మీద పెట్టుకుని సర్జన్ ఏం చేయాలి? పక్క సైజుతో సర్దుకోవాలా, ఇంకో ఆసుపత్రికి ఫోన్ చేయాలా? రెండో సెట్టు అందుబాటులో ఉంచుకోవాలని అనుభవమున్న సర్జన్లు పట్టుబట్టేది ఇలాంటి రోజు కోసమే.

కనబడే తప్పు, కనబడని తప్పు

లేబుల్ తప్పు అనగానే అందరికీ తట్టేది ఎడమ-కుడి. నా లెక్కలో అది ఉన్నవాటిలో కాస్త మంచి తప్పు. తొడ ఎముక చివర తొడిగే భాగం చాలా డిజైన్లలో ఒక పక్కకు వాలి ఉంటుంది, మోకాలి చిప్ప జారే గాడి కూడా అటే వంగి ఉంటుంది. కుడి చెప్పు ఎడమ కాలికి తొడిగినట్టు, చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసిపోతుంది. ఏమరుపాటున లోపలికి పోయే అవకాశం ఉంది గానీ, అలవాటైన చెయ్యి ఎక్కువసార్లు పట్టేస్తుంది.

సైజు తప్పు అలా కాదు. తుంటి మార్పిడిలో గిన్నె, బంతి విడివిడి డబ్బాల్లో వస్తాయి. బంతి వ్యాసం 28, 32, 36 మిల్లీమీటర్లు, ఇలా ఉంటుంది. 36 గిన్నెలో 32 బంతి పడితే బల్ల మీద తెలియొచ్చు, తెలియకపోనూ వచ్చు. తెలియకపోతే మనిషి లేచి తిరగడం మొదలుపెట్టాక బంతి జారిపోవడం, ప్లాస్టిక్ గిన్నె ఒకే చోట అరిగిపోవడం మొదలవుతాయి. మోకాలి మధ్యలో పెట్టే పాలిథిలిన్ ముక్క మందంలో తేడా వస్తే కాలు వదులుగానో బిర్రుగానో ఉంటుంది. ఇంట్లో వాళ్లేమో "ఫిజియోథెరపీ సరిగా చేయించుకోలేదు" అని రోగినే తిడుతూ ఉంటారు.

ఇంకా లోపలి తప్పులు లోహానివి, శుద్ధివి. డబ్బా మీద టైటానియం అని ఉండి లోపల స్టీలు ఉంటే, నికెల్ పడని ఒంటికి ఇబ్బంది. రేపు ఎంఆర్ఐ తీయాల్సి వస్తే ఫోటోలో పడే మసకలోనూ తేడా ఉంటుంది. గడువు తేదీ తప్పుగా ముద్రిస్తే, శుద్ధి చేయని ముక్క మీద స్టెరైల్ ముద్ర పడితే, ఎంత గొప్ప సర్జన్ అయినా కంటితో కనిపెట్టలేడు. కీలు చుట్టూ చీము పట్టినప్పుడు తప్పు ఆసుపత్రిదా, డబ్బాదా అని లాట్ నంబర్ లేకుండా తేల్చడం కష్టం.

లాట్ నంబర్‌కు ఎంత విలువో చెప్పడానికి పాత ఉదాహరణ ఒకటి ఉంది. తుంటి మార్పిడిలో వాడే జిర్కోనియా సిరామిక్ బంతులను ఫ్రాన్స్‌లో ఒక కంపెనీ తయారు చేసేది. 1998లో అది పాత తరహా కొలిమిని వదిలి టన్నెల్ కొలిమికి మారింది. బంతి పేరు మారలేదు, సైజు మారలేదు, డబ్బా మారలేదు. కొత్త కొలిమిలో కాలిన బ్యాచుల్లో కొన్ని మాత్రం మనుషుల తుంటిలోనే పగిలిపోవడం మొదలైంది. 2001 ఆగస్టులో రీకాల్ చేశారు. మంచి బంతికీ పగిలే బంతికీ బయటికి కనిపించే తేడా లేబుల్ మీది బ్యాచ్ నంబర్ ఒక్కటే. ఆ నంబర్ దాచుకున్న రోగికి జవాబు దొరికింది. దాచుకోనివాడు తన తుంటిలో ఉన్నది ఏదో తెలియకుండానే నడవాలి.

రీకాల్ ఎవరికి చేరుతుంది?

అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రీకాల్‌ను మూడు తరగతులుగా చూస్తుంది. ప్రాణానికో, తీవ్రమైన హానికో దారితీసే అవకాశం గట్టిగా ఉంటే మొదటిది. హాని తాత్కాలికమైతే, లేదా తీవ్ర హాని అవకాశం బహు తక్కువైతే రెండోది. హాని ఉండదనుకుంటే మూడోది. డబ్బాల తారుమారు ఎక్కువగా రెండో తరగతిలో పడుతుంది. ఇక్కడ గమనించాల్సింది, రీకాల్ ప్రధానంగా ఇంకా వాడని డబ్బాలకు సంబంధించింది. అల్మారాలో ఉన్నవి పక్కన పెట్టి, కాగితం మీద సంతకం పెట్టి వెనక్కి పంపుతారు. ఒంట్లోకి వెళ్లిపోయినవాటి విషయంలో సలహా సాధారణంగా ఒక్కటే: రోగిని పిలిపించండి, ఎక్స్‌రే తీయండి, కనిపెట్టుకుని ఉండండి. బాగా నడుస్తున్న మనిషికి కీలు తీసి మళ్లీ వేయడం మొదటి ఆపరేషన్ కన్నా పెద్ద ఆపరేషన్. ఎముక పోతుంది, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. నొప్పి, వాపు, కాలు వదులు కావడం లాంటివి లేకుండా రీకాల్ వార్త చూసి "తీసేయండి" అని పట్టుబట్టేవాళ్లకు ఆర్థోపెడిక్ డాక్టర్లు వద్దని చెప్పేది తప్పించుకోవడానికి కాదు.

మన దేశంలో ఆర్థోపెడిక్ ఇంప్లాంట్లు 2005 నుంచే చట్టం దృష్టిలో ఔషధాలు. 2018 జనవరి 1 నుంచి వైద్య పరికరాల నియమాలు అమల్లోకి వచ్చాయి. ప్రమాదాన్ని బట్టి పరికరాలను ఎ, బి, సి, డి తరగతులు చేశారు. సి, డి తరగతుల తయారీకి, అన్ని తరగతుల దిగుమతికి అనుమతి ఢిల్లీలోని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇస్తుంది. లేబుల్ మీద ఏముండాలో ఆ నియమాలే చెప్పాయి: పేరు, తయారీదారు చిరునామా, లాట్ నంబర్, తయారీ తేదీ, గడువు, శుద్ధి చేసినదైతే ఆ సంగతి, లైసెన్స్ నంబర్. పరికరం వల్ల ముప్పుందని అనుమానం వస్తే కంపెనీయే వెంటనే వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టి అధికారులకు తెలియజేయాలి. తప్పుడు లేబుల్‌తో అమ్మడం ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద నేరం.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. రీకాల్ ఉత్తరం దారి చూడండి. విదేశీ కంపెనీ నుంచి ఇక్కడి దిగుమతి ఏజెంటుకు, అతని నుంచి హైదరాబాద్ స్టాకిస్టుకు, స్టాకిస్టు నుంచి కర్నూలు డిస్ట్రిబ్యూటర్‌కు, అక్కడి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రిలో స్టోర్సుకు, స్టోర్సు నుంచి సర్జన్‌కు. ఈ వరుసలో రోగి పేరు లేదు. రోగిని పట్టుకోవాలంటే ఆసుపత్రి ఆ లాట్ ఎవరికి వేశారో పాత కేస్ షీట్లు తిరగేయాలి. డాక్టర్ల వృత్తి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు ఉంచాల్సింది మూడేళ్లు. మోకాలి కీలు పదిహేను ఇరవై ఏళ్లు నడిచే వస్తువు. ఆసుపత్రి ఇంకా ఎక్కువకాలం దాచొచ్చు, మంచి ఆసుపత్రులు దాస్తాయి కూడా. నియమం మాత్రం మూడేళ్లకే వదిలేసింది. ఈ చిక్కుముడిలో నాకు అన్నిటికన్నా వింతగా తోచే ముడి ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

దాని ఫలితం దేశం ఒకసారి చూసింది. డిప్యూ కంపెనీ ఏఎస్ఆర్ తుంటి కీళ్లను 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అప్పటికి సుమారు 93,000 మందికి వేశారు. అది లేబుల్ తప్పు కాదు, డిజైన్ లోపం. లోహం మీద లోహం రాసుకుని కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరాయి. తేడా మొదట గట్టిగా బయటపెట్టినవాటిలో ఆస్ట్రేలియా జాతీయ కీళ్ల రిజిస్ట్రీ ఒకటి. ఏ కీలు ఎవరికి వేశారో, ఎంతమందికి తిరిగి ఆపరేషన్ అవసరమైందో అక్కడ 1999 నుంచి రాసి పెట్టుకుంటున్నారు. మన దేశంలో సుమారు 4,700 మందికి వేశారు. డాక్టర్ అరుణ్ కుమార్ అగర్వాల్ అధ్యక్షతన 2017లో కేంద్రం వేసిన కమిటీ లెక్క తీసేసరికి వారిలో 3,600 మంది ఆచూకీయే దొరకలేదు. 2018లో ప్రభుత్వం 30 లక్షల నుంచి కోటీ 23 లక్షల దాకా పరిహారం లెక్కగట్టింది. డబ్బు ఇస్తామన్నా తీసుకోవాల్సిన మనిషి ఎవరో తెలియని స్థితి అది.

ట్రే దగ్గర తెగే దారం

ఇంతవరకు చెప్పింది కీలు మార్పిడి సంగతి. కర్నూలు, అనంతపురం, కడప ఆసుపత్రుల్లో ఆర్థో వార్డులు నిండేది మాత్రం ఎక్కువగా రాడ్లు, ప్లేట్లతో. డోన్, గుత్తి మీదుగా పోయే 44వ నంబర్ జాతీయ రహదారి మీద బైకు ప్రమాదాలు, చెట్టు మీద నుంచో మిద్దె మీద నుంచో పడినవాళ్లు, బాత్రూంలో జారిన ముసలివాళ్లు. పుత్తూరు కట్టు కట్టించుకుని, అది అతక్క వచ్చినవాళ్లూ ఉంటారు. వీళ్లకు వేసే రాడ్లు, ప్లేట్లు, స్క్రూలు చాలాచోట్ల విడివిడి స్టెరైల్ డబ్బాల్లో రావు. స్క్రూలన్నీ ఒక ట్రేలో సైజుల వారీగా గుచ్చి ఉంటాయి. ఆ ట్రేను ఆసుపత్రిలోనే ఆటోక్లేవ్ చేస్తారు, అంటే వేడి ఆవిరితో శుద్ధి చేస్తారు. ఆపరేషన్‌లో ఆరు స్క్రూలు వాడితే, తర్వాత ఆ ఆరు ఖాళీలనూ డిస్ట్రిబ్యూటర్ కొత్త స్క్రూలతో నింపుతాడు. ఆ కొత్తవి వేరే లాట్‌వి కావచ్చు. రెండు మూడు నెలలు గడిచేసరికి ఒకే వరుసలో నాలుగైదు లాట్ల స్క్రూలు కలిసిపోతాయి. రేపు వాటిలో ఒక లాట్‌ను రీకాల్ చేస్తే, ఎవరి తొడలో ఏ లాట్ స్క్రూ ఉందో చెప్పేవారుండరు. స్క్రూ మీద చెక్కిన అక్షరాలు చదవాలంటే దాన్ని బయటికి తీయాలి.

డిశ్చార్జి కాగితం చూస్తే "ఎడమ తొడ ఎముకకు ఇంటర్‌లాకింగ్ నెయిల్ వేయడమైనది" అని ఒక్క వాక్యం. నెయిల్ అంటే ఎముక లోపల దింపే రాడ్. కంపెనీ పేరు లేదు, లోహం పేరు లేదు, లాట్ లేదు. "సార్, మా నాయనకు ఏసింది స్టీలా, టైటానియమా?" అని కొడుకు అడిగితే వార్డులో ఎవరికీ తెలియదు. ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు తెలుసు, కానీ ఆయన జ్ఞాపకం రికార్డు కాదు.

వైద్యసేవ కార్డు మీద ఆపరేషన్ అయినవాళ్లకు ఇంకో లోటు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న ఈ పథకం వల్ల చేతి డబ్బు పెట్టకుండా ఎముకలు అతికించుకున్న కుటుంబాలు సీమలో లెక్కలేనన్ని. అయితే డబ్బు కట్టని చోట బిల్లు చేతికి రాదు, బిల్లు రాకపోతే అందులో ఇంప్లాంట్ వివరమూ రాదు. ప్రైవేటు బీమాలోనూ డబ్బాలోని స్టిక్కర్‌ను క్లెయిమ్ కాగితాలకు అంటించి పంపుతారు. ఒంట్లో ఇంప్లాంట్ పెట్టుకున్న మనిషి కన్నా ముందు డబ్బు చెల్లించేవాడికి దాని నంబర్ చేరుతుందన్నమాట. యూరప్‌లో 2021 నుంచి అమలవుతున్న నియమాల ప్రకారం, స్క్రూలు, ప్లేట్ల లాంటి కొన్నిటికి తప్ప, రోగికి ఇంప్లాంట్ కార్డు ఇవ్వాలి. మన నియమాల్లో ప్రతి పరికరానికీ విడి గుర్తింపు నంబర్ ఉండాలన్న మాట ఉంది. రోగి జేబులో పెట్టుకునే కార్డు మాత్రం ఆసుపత్రి మంచితనం మీదే ఆధారపడి ఉంది.

చేతికి ఏం రావాలి?

స్టెరైల్ డబ్బాలో వచ్చే ప్రతి ఇంప్లాంట్‌తో పాటు ఒకే లేబుల్ నకళ్లు కొన్ని స్టిక్కర్లుగా ఉంటాయి. ఒకటి కేస్ షీట్‌లో, ఒకటి బిల్లుకు, ఒకటి రోగి కాగితాల మీద అంటించడానికే అవి ఉన్నవి. మోకాలి మార్పిడిలో మూడు నాలుగు భాగాలుంటాయి కాబట్టి మూడు నాలుగు స్టిక్కర్లు రావాలి. వాటి మీద "రెఫ్" అని ఉన్నది మోడల్ నంబర్, "లాట్" అని ఉన్నది బ్యాచ్, ఇసుక గడియారం బొమ్మ పక్కనున్నది గడువు తేదీ, ఫ్యాక్టరీ బొమ్మ పక్కనున్నది తయారీదారు. అంకె రెండు మీద అడ్డగీత ఉంటే మళ్లీ వాడకూడదని. డిశ్చార్జి రోజు హడావుడిలో స్టిక్కర్ల గురించి ఎవరూ ఆలోచించరు, అందుకే ఆపరేషన్‌కు ముందురోజే డాక్టర్‌తో అనుకోవడం మేలు. చేతికి రాగానే ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచండి. సీమ ఎండలకు ఎక్స్‌రే కవర్లో బిల్లు అక్షరాలు రెండు వేసవులకే వెలిసిపోతాయి.

రాడ్లు, ప్లేట్లకు స్టిక్కర్ లేకపోతే, కంపెనీ పేరు, లోహం, ఎన్ని స్క్రూలు, సెట్టు ఏ డిస్ట్రిబ్యూటర్‌ది అన్నది డిశ్చార్జి కాగితం మీద రాయించుకోవాలి. డిస్ట్రిబ్యూటర్ పేరు ఎందుకంటే, సరుకు ఎక్కడ కొన్నాడో డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అడిగితే చెప్పి తీరాలని చట్టంలో ఉంది. అక్కడి నుంచి వెనక్కి తవ్వుకుంటూ పోవచ్చు. ఆపరేషన్ అయిపోయి చాలాకాలమైందా? లిఖితపూర్వకంగా అడిగితే ఆసుపత్రి 72 గంటల్లో రికార్డు నకలు ఇవ్వాలి, రికార్డు ఉన్నంతవరకు. మూడేళ్లు దాటకముందే అడిగి పెట్టుకోవాలి. మోకాలి కీళ్ల ధరకు 2017 ఆగస్టులో పరిమితి పెట్టినప్పుడు, బిల్లులో కీలు ధర విడిగా, బ్రాండు, తయారీదారు, బ్యాచ్ వివరాలతో చూపాలని కూడా చెప్పారు. డబ్బు కట్టినవాళ్లు ఆ బిల్లు అడగవచ్చు.

రీకాల్ వార్త చూసినప్పుడు కంపెనీ పేరు ఒక్కటే చూసి బెంబేలు పడొద్దు. ఒకే కంపెనీవి వందలాది మోడళ్లు, వేలాది లాట్లు ఉంటాయి. వార్తలోని రెఫ్, లాట్ నంబర్లు రెండూ మీ స్టిక్కర్‌తో కలిస్తేనే అది మీ విషయం. కలిస్తే ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను కలిసి ఎక్స్‌రే తీయించుకోవాలి. ఆసుపత్రి పట్టించుకోకపోతే వైద్య పరికరాల వల్ల కలిగిన హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. 2015లో మొదలైంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తుంది. డాక్టర్లే కాదు, రోగులూ రాయవచ్చు. 1800-180-3024 ఉచిత నంబర్. జిల్లాలో డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు కూడా అర్జీ ఇవ్వొచ్చు. నష్టపరిహారం దాకా పోవాల్సి వస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని ఒక అధ్యాయమే పెట్టారు. తయారీదారు, అమ్మినవాడు, సేవ అందించినవాడు ముగ్గురినీ అడగడానికి దారి ఉంది. గడువు రెండేళ్లు. వినియోగదారుల కమిషన్ ముందు మొదట అడిగే ప్రశ్న, మీ ఒంట్లో ఉన్నది ఈ లాట్‌దే అనడానికి రుజువేమిటని.